మూడు పెంపకాల మధ్య ఒక పసివాడు

మొక్కై వంగనిది మానై వంగునా అని మన పెద్దలు చెబుతూ ఉంటారు. పిల్లల పెంపకం గురించి నలుగురు కూర్చుని మాట్లాడుకునే చోట ఈ సామెత రాకుండా ఉండదు. చిన్న వయసులోనే భయభక్తులు అలవర్చాలి, ఇంటికి వచ్చినవారికి సలాం చెప్పడం నేర్పాలి, పెద్దల ముందు ఎలా మసలుకోవాలో తెలియజేయాలి అని ప్రతి తల్లీ, ప్రతి తండ్రీ కోరుకుంటారు. మేమూ అదే కోరుకున్నాం. మా పెద్దమ్మాయి విషయంలో ఆ కోరిక తీరింది కూడా. అబ్బాయి విషయంలో మాత్రం మేం పెంపకాన్ని మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. మాలాంటి ఇళ్లు మన మధ్య ఇంకా ఉన్నాయి. నలుగురికీ చెప్పుకోలేక లోలోపల కుమిలిపోతున్న కుటుంబాలున్నాయి. వారికి కొంచెమైనా ఉపయోగపడుతుందనే ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

తిరుపతిలో అలిపిరికి వెళ్లే దారి పక్కన ఒక సందులో మా ఇల్లు. ఇంట్లో మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, వాళ్ల దాదీమా. అబ్బాయికి ఇప్పుడు ఏడేళ్లు నిండాయి. వాడికి ఆటిజం ఉంది.

పిలిస్తే పలకని పిల్లవాడు

ఏడాదిన్నర వయసు నుంచే మాకు ఏదో తేడాగా అనిపించేది. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. చెవుడేమోనని అనుమానపడ్డాం. కానీ వీధి చివర బస్సు హారన్ వినిపిస్తే గుమ్మం దగ్గరకు పరుగెత్తేవాడు. కుక్కర్ కూత పెట్టినా, మిక్సీ వేసినా రెండు చేతులతో చెవులు మూసుకుని ఏడ్చేవాడు. ఏదైనా కావాలంటే వేలితో చూపించేవాడు కాదు. మా చేయి పట్టుకుని లాక్కెళ్లి, ఆ చేతినే బిస్కెట్ల డబ్బా మీద పెట్టేవాడు. గిన్నె మూతను నేల మీద గిరగిరా తిప్పుతూ ఎంతసేపైనా కూర్చునేవాడు.

మగపిల్లలకు మాటలు ఆలస్యంగా వస్తాయని బంధువులు ధైర్యం చెప్పారు. వాళ్ల మామూకు కూడా నాలుగేళ్లకు గానీ మాట రాలేదని ఒకరు గుర్తు చేశారు. నజర్ తగిలిందన్నారు ఇంకొకరు. తాయెత్తు కట్టించాం. ఎవరో చెప్పగా ఒక ఆమిల్ దగ్గరకు తీసుకెళితే, జిన్ పట్టిందని చెప్పి పలుమార్లు తిప్పించుకుని డబ్బు తీసుకున్నాడు. ఇలా రెండున్నర ఏళ్ల నుంచి మూడేళ్లు దాటేవరకు విలువైన కాలం గడిచిపోయింది. దువా చేయవద్దని ఏ డాక్టరూ చెప్పడు. దువాతో పాటు దవా కూడా ఉండాలని మన పెద్దలే అన్నారు. డాక్టరు దగ్గరకు వెళ్లడాన్ని వాయిదా వేసుకుంటూ పోవడమే మేం చేసిన పొరపాటు.

చివరకు పిల్లల డాక్టరు చూసి, ముందుగా వినికిడి పరీక్ష చేయించమన్నారు. చెవుల్లో లోపం లేదు. తర్వాత జరిగిన పరీక్షల్లో ఆటిజం అని తేలింది. ఆ మాట వినడం మాకు అదే మొదటిసారి. ఇది జ్వరంలా వచ్చి పోయే జబ్బు కాదని, మెదడు ఎదుగుదలలోనే ఉన్న తేడా అని, ఇతరులతో కలవడం, మాట్లాడటం, మార్పును తట్టుకోవడం ఇలాంటి పిల్లలకు కష్టమని డాక్టరు వివరించారు. మందుతో పూర్తిగా పోయేది కాదని, పిల్లవాడితో ఇంట్లో ఎలా మెలుగుతారన్నది చాలా ముఖ్యమని చెప్పారు. ఆ చివరి మాట మా మనసులో ముల్లులా గుచ్చుకుంది. అంటే ఇదంతా మా పెంపకం వల్లే వచ్చిందా?

తప్పు తల్లిది కాదు

ఈ ప్రశ్న వేసుకున్నది మేమొక్కరమే కాదని తర్వాత చదివితే తెలిసింది. 1943లో అమెరికాలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి ఈ స్థితిని మొదటిసారి విపులంగా వర్ణించారు. ఆ తర్వాత కొన్నేళ్లపాటు వైద్యుల్లోనే ఒక దురభిప్రాయం పాతుకుపోయింది. ప్రేమ లేని, మంచుగడ్డలాంటి తల్లుల వల్లే పిల్లలు ఇలా తయారవుతారని చెప్పేవారు. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ రాసిన పుస్తకం ఈ వాదాన్ని ఇంటింటికీ చేర్చింది. ఎందరో తల్లులు చేయని నేరానికి సిగ్గుతో తల దించుకున్నారు.

ఈ వాదాన్ని ఎదిరించిన వారిలో బెర్నార్డ్ రిమ్లాండ్ ముఖ్యుడు. ఆయన మనస్తత్వ శాస్త్రవేత్త, పైగా ఆటిజం ఉన్న కుమారుడికి తండ్రి. ఇది పుట్టుకతో శరీరంలో ఉండే కారణాల వల్ల వచ్చేదేనని 1964లోనే వాదించాడు. 1977లో ఇంగ్లండులో 21 జతల కవల పిల్లలపై జరిగిన పరిశోధనలో, ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఇద్దరికీ ఆటిజం ఉండే అవకాశం ఎక్కువని తేలింది. వంశపారంపర్య కారణాలకు అది బలమైన సాక్ష్యం. 

టీకాల వల్ల ఆటిజం వస్తుందన్న ప్రచారం కూడా ఇలాంటిదే. 1998లో ఈ వాదానికి ఊతమిచ్చిన వ్యాసాన్ని, దాన్ని ప్రచురించిన లాన్సెట్ పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. కాబట్టి తల్లి ఉద్యోగం చేయడం వల్లో, తండ్రి దూరదేశంలో ఉండటం వల్లో, సూది వేయించడం వల్లో ఆటిజం వచ్చిందని ఎవరైనా అంటే నమ్మనవసరం లేదు. పెంపకం ఆటిజాన్ని తీసుకురాదు. అయితే ఆ పిల్లవాడు నలుగురిలో కలవడం నేర్చుకునే దారిని పెంపకం సులభం చేయగలదు, కష్టమూ చేయగలదు. ఈ రెండు మాటలూ కలిపి అర్థం చేసుకోవడానికి మాకు చాలాకాలం పట్టింది.

ఒకే ఇంట్లో మూడు దారులు

అప్పట్లో మా ఇంట్లో ఒక్క పిల్లవాడికి మూడు రకాల పెంపకాలు సాగేవి. వాళ్ల అబ్బాది కఠినం. ఇంటికి ఎవరు వచ్చినా సలాం చెప్పాల్సిందే. చెప్పకపోతే గడ్డం పట్టుకుని ముఖం తిప్పి, కళ్లలోకి చూడమని గద్దించడం. వాళ్ల అమ్మీ అలసిపోయి ఉండేది. ఏడిస్తే చేతిలో ఫోను పెట్టి, వాడి మానాన వాడిని వదిలేయడం. దాదీమాది అంతులేని గారాబం. వాడు నోరు తెరవకముందే నీళ్లు, చేయి చాపకముందే బిస్కెట్టు అందించేవారు. ఏడేళ్ల అక్క బొమ్మ వాడు లాక్కుంటే, అక్కనే ఇచ్చేయమనేవారు.

మూడింటి వెనుకా ఉన్నది ప్రేమే. ఆ విషయంలో ఒకరినొకరం తప్పుపట్టుకోలేం. కానీ కఠినం వల్ల వాడు మనుషులంటే భయపడటం నేర్చుకున్నాడు. వదిలేయడం వల్ల మనుషులు లేకుండానే గడిపేయడం నేర్చుకున్నాడు. గారాబం వల్ల అడగవలసిన అవసరమే వాడికి రాలేదు.

అమెరికాలోని బర్క్‌లీలో డయానా బామ్‌రిండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లలో పిల్లల పెంపకాన్ని మూడు రకాలుగా విభజించారు. ఆజ్ఞలే తప్ప ఆదరణ కనిపించని పెంపకం ఒకటి. ఆదరణ తప్ప హద్దులు లేని పెంపకం రెండోది. ఆదరణా, హద్దులూ రెండూ ఉండి, కారణం చెప్పి నడిపించే పెంపకం మూడోది. 1983లో మరో ఇద్దరు పరిశోధకులు వీటికి నాలుగోది చేర్చారు. ఆదరణా లేక, హద్దులూ లేక వదిలేసే పెంపకం అది. మామూలు పిల్లలను చూసి చేసిన విభజన ఇది. ఆటిజం ఉన్న పిల్లవాడికి కారణాలు వివరించి చెబితే అంత తేలిగ్గా అర్థం కాదు. అయినా ఆదరణ, హద్దు అనే ఆ రెండు తూనికరాళ్లు మాకు పనికొచ్చాయి.

అలిపిరి దగ్గర ఆ సాయంత్రం

2022 చివర్లో, వాడికి నాలుగేళ్ల వయసులో జరిగిన సంగతి ఇది. ఆ ఏడాది సెప్టెంబరులో తిరుమల ఘాట్ రోడ్డు మీద విద్యుత్ బస్సులు కొత్తగా ప్రవేశపెట్టారు. మా వాడికి బస్సులంటే ప్రాణం. కొండెక్కే సప్తగిరి బస్సుల మోత వాడికి బాగా తెలుసు. చప్పుడు లేకుండా వెళ్లే ఈ కొత్త బస్సులు వాడికి పెద్ద వింత.

ఒక సాయంత్రం తలుపు గడియ వేయడం మరిచిపోయాం. మగ్రిబ్ వేళకు చూస్తే పిల్లవాడు లేడు. సందులన్నీ గాలించాం. ఇరుగుపొరుగు వారు తలో దిక్కుకు పరుగెత్తారు. చివరకు అలిపిరి దగ్గర, వాహనాల రద్దీ మధ్య, రోడ్డు అంచున నిలబడి కనిపించాడు. పూలు అమ్ముకునే ఒకామె వాడి చేయి గట్టిగా పట్టుకుని ఉంది. పేరు అడిగితే చెప్పలేదని, ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారని పట్టుకుని కూర్చున్నానని చెప్పింది. కొండ మీదికి వెళుతున్న బస్సును చూసి వాడు నవ్వుతున్నాడు.

భయమంతా కోపంగా మారి వాళ్ల అబ్బా అక్కడే వాడి చెంప మీద కొట్టాడు. ఎందుకు కొట్టారో వాడికి తెలియదు. చెప్పకుండా ఇంటి నుంచి వచ్చాడని మనకు తెలుసు. వాడికి తెలిసినదల్లా బస్సును చూసి నవ్వితే దెబ్బ పడిందని. ఆ తర్వాత కొన్ని వారాలపాటు అబ్బా ఇంట్లోకి అడుగుపెడితే వాడు మంచం కిందికి దూరేవాడు. అప్పటికి వచ్చిన రెండు మూడు మాటలు కూడా ఆగిపోయాయి.

ఈ సంగతి రాయడానికి మేం చాలా ఆలోచించాం. కానీ ఇలాంటి దెబ్బలు ఎన్నో ఇళ్లలో పడుతున్నాయి. కొట్టినవారు రాక్షసులు కారు, భయపడిన తల్లిదండ్రులు. అందుకే రాయక తప్పలేదు.

పిల్లవాడి చూపు వెంట నడవడం

ఈ ఘటన తర్వాత మళ్లీ డాక్టరు దగ్గరకు వెళ్లాం. ఆయన మమ్మల్ని మందలించలేదు. పిల్లవాడికి ఏది ఇష్టమని అడిగారు. బస్సులని చెప్పాం. అయితే రోజూ మీరే తీసుకెళ్లి చూపించండి, వాడు చూసేది మీరూ చూడండి, అప్పుడు వాడు చూస్తున్న దాని గురించే ఒకటి రెండు మాటలు చెప్పండి, ప్రశ్నలు వేయకండి అన్నారు. ఇది వైద్యమా అని మాకు అనుమానం వచ్చింది.

దీని వెనుక చాలా ఏళ్ల పరిశోధన ఉందని తర్వాత తెలిసింది. 2002లో మైకేల్ సిల్లర్, మరియన్ సిగ్మన్ అనే పరిశోధకులు ఆటిజం ఉన్న పిల్లలు తల్లులతో ఆడుకునే తీరును పరిశీలించి ఫలితాలు ప్రకటించారు. పిల్లవాడు ఏ వస్తువు మీద ధ్యాస పెట్టాడో దాని గురించే మాట్లాడే తల్లుల పిల్లలకు, తర్వాతి ఏళ్లలో భాష ఎక్కువగా వృద్ధి చెందింది. ఈ తేడా 16 ఏళ్ల తర్వాత కూడా కనిపించింది. ఇటు చూడు, అది వదిలెయ్, ఇది తీసుకో అంటూ పిల్లవాడి ధ్యాసను పదే పదే మళ్లించే పద్ధతి కన్నా ఇది మేలని దీని సారాంశం.

2010లో ఇంగ్లండులో 152 మంది చిన్నపిల్లలపై జరిగిన మరో పరిశోధనలో తల్లిదండ్రులకే శిక్షణ ఇచ్చారు. తల్లీబిడ్డల ఆటను వీడియో తీసి, తర్వాత తల్లికే చూపించి, పిల్లవాడు చేసే చిన్న చిన్న సైగలను గుర్తుపట్టడం నేర్పారు. తల్లుల తీరు బాగా మారింది గానీ, ఆటిజం లక్షణాల్లో అప్పటికి పెద్ద తేడా కనిపించలేదు. సుమారు ఆరేళ్ల తర్వాత అదే పిల్లలను చూసి 2016లో ప్రకటించిన ఫలితాల్లో మాత్రం, శిక్షణ పొందిన కుటుంబాల పిల్లల్లో లక్షణాల తీవ్రత తక్కువగా ఉంది. ఓర్పు ఎందుకు అవసరమో ఇది చెబుతోంది.

ఈ పద్ధతిని మన ప్రాంతాల ఇళ్లకు తగినట్టు మలచి గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లల కుటుంబాలపై పరీక్షించారు. నేర్పినవారు పెద్ద డాక్టర్లు కారు, శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలు. 2016లో వెలువడిన ఫలితాల ప్రకారం అన్ని అంశాల్లోనూ మెరుగుదల రాలేదు. కానీ తల్లిదండ్రులు పిల్లల ధ్యాసకు తగినట్టు స్పందించడం పెరిగింది. పిల్లలు తామంతట తామే చొరవ తీసుకుని పలకరించడమూ పెరిగింది. ఉమ్మడి కుటుంబాలు, అమ్మమ్మలు, దాదీమాలు, ఇరుకు గదులు ఉన్న మన ఇళ్లలో కూడా ఇది సాధ్యమేనన్న మాట.

రోజూ ఇరవై నిమిషాలు

అప్పటి నుంచి అసర్ తర్వాత రోజూ ఇరవై నిమిషాలు వాళ్ల అబ్బా పిల్లవాడిని అలిపిరి దగ్గరకు తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. మొదట్లో వాడు అబ్బా చేయి పట్టుకోవడానికే ఒప్పుకోలేదు. అక్క మధ్యలో నడిచేది. రోడ్డుకు దూరంగా ఒక గట్టు మీద కూర్చునేవారు. బస్సు వస్తే 'బస్సు వచ్చింది' అనడం, మలుపు తిరిగితే 'పైకి పోయింది' అనడం, అంతే. తర్వాత మౌనంగా ఉండటం. ఈ మౌనమే అన్నింటికన్నా కష్టం. మనసులో పది వరకు లెక్కపెట్టి వాడికి సమయం ఇవ్వాలి. మనం మాటలతో నింపేస్తే వాడు మాట్లాడటానికి చోటు ఎక్కడ మిగులుతుంది?

సుమారు నాలుగు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం బస్సు మలుపు తిరుగుతుండగా వాడు వేలెత్తి చూపించాడు. చూపించి, తల తిప్పి అబ్బా ముఖంలోకి చూశాడు. నువ్వూ చూశావా అన్నట్టుంది ఆ చూపు. మామూలు పిల్లల్లో ఇది ఏడాది, ఏడాదిన్నర వయసులో వస్తుంది. ఎవరూ గమనించను కూడా గమనించరు. ఒకే వస్తువును ఇద్దరూ కలిసి చూడటం అనే ఈ చిన్న పని మీదే తర్వాతి మాటలు, స్నేహాలు నిలబడతాయని నిపుణులు చెబుతారు. ఆ రోజు ఇంటికి వచ్చి ఈ సంగతి చెబుతుంటే వాళ్ల అబ్బాకు గొంతు పెగల్లేదు.

ఇంట్లో కూడా పద్ధతి మార్చుకున్నాం. ముగ్గురు పెద్దలం కూర్చుని ఒక మాట మీదకు రావడానికి ఒకటి రెండు గొడవలు కూడా జరిగాయి. దాదీమా బిస్కెట్లను గట్టి మూత ఉన్న గాజు సీసాలో పెట్టారు. వాడు సీసా తెచ్చి ఇస్తే, కాసేపు ఆగి, 'ఖోలో' అని చెప్పి తీసి ఇచ్చేవారు. వాడిని ఏడిపిస్తున్నామని మొదటి వారం ఆమె కూడా ఏడ్చారు. మూడో నెలలో వాడు 'ఖో' అన్నాడు. ఫోను పూర్తిగా తీసేయలేకపోయాం గానీ, ఒంటరిగా చూడటం తగ్గించి పక్కన కూర్చుని చూడటం అలవాటు చేసుకున్నాం.

హద్దులు తీసేయలేదు. ఎవరినీ కొట్టకూడదు, చేయి వదిలి రోడ్డు దాటకూడదు అనే రెండు నియమాలు పెట్టుకున్నాం. ముగ్గురం ఒకే మాట, ఒకే విధంగా చెబుతాం. కొట్టబోతే చేయి ఆపి 'కొట్టకూడదు' అంటాం. ఆ తర్వాత ఏం చేయాలో చూపిస్తాం. తలుపుకు వాడికి అందని ఎత్తులో గడియ పెట్టించాం. వాడి జేబులో మా ఫోను నంబరు రాసిన చీటీ ఉంటుంది.

రోజువారీ క్రమం ఇలాంటి పిల్లలకు పెద్ద ఆసరా. మన ఇళ్లలో ఐదు పూటల నమాజు వల్ల రోజుకు ఒక క్రమం ఇప్పటికే ఉంది. దాన్నే వాడుకున్నాం. ఫజర్ తర్వాత స్నానం, అసర్ తర్వాత బస్సులు, ఇషా తర్వాత నిద్ర అని బొమ్మలు గీసి గోడకు అంటించాం. అజాన్ లౌడ్‌స్పీకర్ ఒక్కసారిగా మోగితే వాడు బెదిరిపోయేవాడు. ఇప్పుడు రెండు నిమిషాల ముందే మసీదు బొమ్మ చూపిస్తాం. వాడే చెవుల మీద చేతులు పెట్టుకుని ఎదురుచూస్తాడు. పెళ్లి బాజాల దగ్గర, టపాసుల దగ్గర వాడు నేల మీద పడి ఏడిస్తే అది మొండితనం కాదని, ఆ చప్పుడు వాడు భరించలేకపోతున్నాడని ఇప్పుడు మాకు తెలుసు. మొండితనానికి హద్దు కావాలి. భరించలేనితనానికి నిశ్శబ్దమైన చోటు కావాలి.

సలాం విషయంలో బలవంతం మానేశాం. కళ్లలోకి చూడమని గద్దించడం మానేశాం. ఇప్పుడు ఇంటికి ఎవరైనా వస్తే దగ్గరకు వచ్చి వారి చేతిని ఒక్క క్షణం తాకి వెళతాడు. అదే వాడి సలాం అని అతిథులకు ముందుగానే చెబుతాం.

దాదీమా భాష

మరో పొరపాటు గురించి చెప్పాలి. మా ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. రెండు భాషల వల్ల పిల్లవాడు గందరగోళపడుతున్నాడని, తెలుగు ఒక్కటే మాట్లాడమని తెలిసినవారు సలహా ఇచ్చారు. దాదీమాకు తెలుగు అంతంత మాత్రం. తప్పు మాట్లాడతానేమోనని ఆమె మనవడితో మాట్లాడటమే మానేశారు. ఇంట్లో వాడితో ఎక్కువ సమయం గడిపే మనిషి మూగబోయారు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లల భాష అదనంగా ఆలస్యం కాదని పలు పరిశోధనల్లో తేలింది. ఎవరికి ఏ భాషలో ప్రేమగా, ధారాళంగా మాట్లాడటం వస్తుందో ఆ భాషలోనే మాట్లాడటం మంచిది. దాదీమా మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టారు. వాడి మొదటి మాటల్లో సగం ఆమెవే.

మసీదులో, బంధువుల్లో

జుమాకు తీసుకెళితే మొదట్లో వాడు సఫ్‌ల మధ్య పరుగెత్తేవాడు. ఒకరిద్దరు విసుక్కున్నారు. కొన్నాళ్లు తీసుకెళ్లడం మానేశాం. తర్వాత మసీదులో ఒక పెద్దాయనకు విషయం వివరంగా చెబితే, తలుపు దగ్గర చివరి వరుసలో చోటు చూపించి, ఖుత్బా అయ్యాక తీసుకురమ్మన్నారు. దైవప్రవక్త (సఅసం) మనవరాలు ఉమామాను భుజాన ఎత్తుకుని నమాజు చేసిన సంగతి హదీసుల్లో ఉందని ఆయనే చుట్టుపక్కల వారికి గుర్తు చేశారు. పది మంది పిల్లలున్నా ఒక్కరినీ ముద్దాడలేదని చెప్పుకున్న అఖ్రా బిన్ హాబిస్‌ను ఆయన (సఅసం) మెచ్చుకోలేదన్నదీ మనం ఎరిగినదే. కరకుదనం మగతనమని భావించే తండ్రులు దీన్ని ఒకసారి తలచుకోవాలి.

ఈ విషయం దాచిపెట్టమని, రేపు అమ్మాయి పెళ్లికి అడ్డు వస్తుందని మాకు సలహా ఇచ్చినవారున్నారు. మా అమ్మాయే తమ్ముడికి అందరికన్నా మంచి గురువు. వాడు మూత తిప్పుతుంటే పక్కన కూర్చుని తానూ ఒక మూత తిప్పేది. పరిశోధకులు చెప్పిన దాన్ని ఆమె ఎవరూ చెప్పకుండానే చేసింది. ఆమెను చూసి సిగ్గుపడే సంబంధం మాకు అక్కర్లేదు.

మాకు తెలిసిన ఒక పాఠశాల ఇలాంటి పిల్లలను చేర్చుకోలేమని చెప్పి పంపించింది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఒకటి. 1995 నాటి పాత చట్టంలో దీని పేరే లేదు. కొత్త చట్టం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న పాఠశాలలు వైకల్యం పేరుతో వివక్ష చూపరాదు. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం పొందిన పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. ఇది తెలుసుకున్నాక రెండో పాఠశాలలో తల దించుకోకుండా మాట్లాడగలిగాం. వాడు ఇప్పుడు ఒకటో తరగతి.

గమనించండి, ఆలస్యం చేయకండి

ఏడాది నిండినా పేరు పిలిస్తే పలకకపోవడం, ఏడాదిన్నరకు వేలితో చూపించకపోవడం, 16 నెలలకు ఒక్క మాటైనా రాకపోవడం, రెండేళ్లకు రెండు మాటలు కలిపి అనలేకపోవడం, ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోవడం కనిపిస్తే డాక్టరుకు చూపించాలి. వీటిలో ఒకటి ఉన్నంత మాత్రాన ఆటిజమే అనుకోనవసరం లేదు. చూపించుకోవడం వల్ల నష్టమైతే లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021 నాటికి సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. అంటే ఒక మోస్తరు మొహల్లాలో ఒకరికి మించే ఉంటారు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలను పరీక్షించి, అవసరమైన వారిని జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రాలకు పంపుతారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ఆటిజం తీవ్రతను కొలవడానికి 40 అంశాల భారతీయ కొలమానాన్ని తయారు చేసింది. ధ్రువపత్రానికి దీన్నే వాడతారు. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల వారు వైద్యానికి వేలూరు సీఎంసీకి వెళ్లడం ఎప్పటి నుంచో ఉన్నదే. అక్కడి పిల్లల మానసిక వైద్య విభాగం తల్లిదండ్రులకూ శిక్షణ ఇస్తుంది. 1999 చట్టంతో ఏర్పడిన నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు పొందవచ్చు. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారికి రాష్ట్ర ప్రభుత్వం 2024లో పింఛను నెలకు 6,000 రూపాయలకు పెంచింది. మండలాల్లోని భవిత కేంద్రాల్లోనూ ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు. ఇవి దయతో ఇచ్చే దానాలు కావు. అడిగి తీసుకోవలసినవి.

ఏటా ఏప్రిల్ 2న ప్రపంచ ఆటిజం అవగాహన దినం జరుపుతారు. ఐక్యరాజ్య సమితిలో 2007లో దీన్ని ప్రతిపాదించినది ఖతర్ దేశం. ఒక ముస్లిం దేశం లోకం ముందుకు తెచ్చిన మాటను మన మొహల్లాల్లో మాట్లాడుకోవడానికి సంకోచం ఎందుకు?

మా వాడు ఇప్పటికీ చిన్న చిన్న వాక్యాలే మాట్లాడతాడు. కొత్త చోటుకు వెళితే బెదురుతాడు. తోటి పిల్లల ఆటలో పక్కన నిలబడి చూస్తాడు, కొన్నిసార్లు బంతి అందిస్తాడు. రేపు ఎలా ఉంటాడో మేం చెప్పలేం. అసర్ అయ్యాక మాత్రం వాడే చెప్పులు తెచ్చి అబ్బా ముందు పెడతాడు. పిల్లలు అల్లాహ్ మన చేతికి ఇచ్చిన అమానతు. వాళ్లను మనలా మార్చడానికి తొందరపడే ముందు, వాళ్లు ఎటు చూస్తున్నారో ఒకసారి తిరిగి చూసే ఓర్పును ఆయన మనందరికీ ప్రసాదించుగాక.